క్షేమంగా చేరింది

శ్రీనివాసులు నోట అశుభం మాట పుట్టదు. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయని అందరూ అంటారు, అందులో వింతేమీ లేదు. ఈయన ప్రింటర్లో కాగితాలు అయిపోయినా నిండుకున్నాయనే అంటాడు. కరెంటు పోతే దీపం కొండెక్కిందంటాడు. జీతాలు ఆలస్యమైతే "వస్తా ఉండాది" అంటాడు. అనంతపురంలో వేరుశనగ నూనె మిల్లు నడిపినన్నాళ్ళూ ఈ అలవాటు వల్ల ఎవరికీ నష్టం లేకపోయింది. నాలుగు రాళ్ళు వెనకేసుకుని, హైదరాబాదు వచ్చి, మాదాపూర్‌లో కంప్యూటర్ల కంపెనీ పెట్టాకే అది హర్షిణి ప్రాణానికి చుట్టుకుంది.

కంపెనీ చేసే పని చెప్పుకోవడానికి సులువే. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక జబ్బూ మందులూ వివరాలన్నీ టేపులోకి చెప్పి పెడతారు. ఇక్కడ ఆడపిల్లలు ఆ గొంతు విని, ఆగి, మళ్ళీ విని, టైపు చేస్తారు. కొందరు ఆఫీసులో కూర్చుంటారు. కొందరు క్యాసెట్లు ఇంటికి పట్టుకెళ్ళి, టైపు చేసి, ఇంటర్నెట్టులో కంపెనీ పేజీ తెరిచి, ఆ రోజు పనంతా ఒకే ఫైలుగా పంపేస్తారు. ఆ పేజీ తయారుచేసింది హర్షిణి. బాలానగర్ పిల్ల. తండ్రి ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేస్తాడు. కొలత తప్పిన ముక్కను తీసి అవతల పడేయడమే తప్ప దానికి బొట్టు పెట్టి పంపే ఇంట్లో పెరగలేదు.

పేజీ మొదలుపెట్టిన రోజున పంతులొచ్చాడు, సర్వరుకు కుంకుమ పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు లోపలికి పోకుండా హర్షిణి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ తర్వాత అందరి ముందూ ఒక ఫైలు పంపి చూపించబోయింది. సరిగ్గా అప్పుడే ఫోను లైను తెగింది. 'ఫెయిల్డ్' అని తెర మీద ఎర్రగా పడింది.

శ్రీనివాసులు ముఖం వాడిపోయింది. అందరూ వెళ్ళిపోయే వరకూ ఆగి, హర్షిణిని గదిలోకి పిలిచాడు.

"పాపా, ఆ మాట తీసేయ్. అచ్చరమైనా కనపడగూడదు. వాకిట్లోనే అపశకునం పెట్టుకుంటామా?"

"మరి ఫైలు రాకుంటే ఏం చెప్పాలె సార్?"

"వచ్చిందనే చెప్పు. క్షేమంగా చేరింది, ధన్యవాదాలు, అని. ఒక దీపం బొమ్మ గూడా పెట్టు. మంచి అనుకుంటే మంచే జరుగుతాది."

ఉద్యోగంలో చేరి నెల కాలేదు. హర్షిణి నోరు మూసుకుని దీపం బొమ్మ పెట్టింది. అప్పటి నుంచి ఫైలు వచ్చినా చేరిందే, రాకపోయినా చేరిందే, సగం దారిలో తెగినా చేరిందే. పంపేవాళ్ళు దీపం చూసి, తృప్తిగా కంప్యూటరు కట్టేసి, వంటింట్లోకి పోయేవారు.

సగంలో తెగిన ఫైళ్ళు రావడం మొదలైంది. కారణం హర్షిణికి బాగా తెలుసు. లైను తెగగానే అవతలి నుంచి రావడం ఆగిపోతుంది. ఆగిపోయేసరికి సర్వరు, ఇక అయిపోయింది కాబోలు అనుకుని, వచ్చినంత మూట కట్టి దాచేస్తుంది. అది మామూలు అక్షరాల ఫైలు కాబట్టి తెరిస్తే తెరుచుకుంటుంది, చదివితే అర్థమవుతుంది. చివర కొంత లేదన్న సంగతి చివరి దాకా చదివి అర్థం చేసుకున్నవాడికే తెలుస్తుంది. అంత ఓపిక ఈ ఆఫీసులో ఎవరికుంది?

పట్టుకోవడం పెద్ద విద్యేమీ కాదు. పంపే ముందే బ్రౌజరు, నేను ఇంత పొడుగు పంపుతున్నాను, అని చెబుతుంది. వచ్చాక కొలిచి చూసుకుంటే సరి. తక్కువైతే దాచకూడదు, మళ్ళీ పంపమని చెప్పాలి. హర్షిణి ఒక మధ్యాహ్నం కూర్చుని రాసేసింది. ఫైలు వెళ్తుండగా ఫోను తీగ పీకి, మళ్ళీ పెట్టి చూసింది. సర్వరు పట్టుకుంది. 'ఫైలు పూర్తిగా రాలేదు, మళ్ళీ పంపండి' అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. సంబరపడిపోయి వెళ్ళి శ్రీనివాసులును పిలుచుకొచ్చింది. బుద్ధి తక్కువై.

ఆయన తెర వంక చూసి రెండు చెంపలూ వేసుకున్నాడు.

"మళ్ళా ఎర్రగా పెట్టినావు కదమ్మా!"

"సార్, మీ మిల్లుకు కాయల లారీ వచ్చేది కద. వేబిల్లుల రాసినన్ని బస్తాలు దిగకుంటే సంతకం పెట్టేటోళ్ళా?"

"ఏంటికి పెడ్తా? నేనేమన్నా ఎర్రోణ్ణా?"

"మరి డ్రైవర్‌తోటి ఏమనేటోళ్ళు?"

"నాయనా, ఇంకొక్కసారి పోయి రాప్పా, అనేవాణ్ణి. తక్కువ తెచ్చినావని గేటుకాడ నిలబడి అరుస్తామా? లచ్చిమి వచ్చే వాకిలి పాపా అది."

హర్షిణి నెత్తీ నోరూ కొట్టుకుంది. డ్రైవరుకు ఆ మాట అర్థమవుతుంది సార్, ఎందుకంటే లారీలో ఏమెక్కించాడో వాడికి తెలుసు, అంది. తెర ముందున్న మనిషికి ఏం తెలుసు, అంది. చెవిటివాడి ముందు శంఖమే. చివరకు ఆయనే స్వయంగా కాగితం మీద రాసిచ్చాడు. ఫైలు పూర్తిగా వస్తే 'క్షేమంగా చేరింది, ధన్యవాదాలు'. సగమే వస్తే 'ధన్యవాదాలు, మళ్ళీ దయచేయండి'. రెండింటికీ దీపం బొమ్మ తప్పనిసరి.

"కనీసం ఫోన్లు జేసి చెప్తా సార్ అందరికీ, రెండో మాట వస్తే మళ్ళ పంపాలె అని."

"నువ్వొద్దులే, నీ నోరు జర గట్టిది. నేను చెప్తా."

ఇన్నేళ్ళు హైదరాబాదులో ఉండి ఆయన నేర్చుకున్న మాట ఆ 'జర' ఒక్కటే. చెప్పాడు కూడా. "పేజీని ఇంకా శోభగా చేసినామమ్మా, చూడండి" అని ఒక్కొక్కరికీ చెప్పాడు. 'ధన్యవాదాలు, మళ్ళీ దయచేయండి' అన్న మాట మదీనాగూడ బట్టల దుకాణంలో ఇచ్చే ప్రతి సంచీ మీదా ఉంటుంది. చీర కొన్నాక ఆ సంచీ చూసి, మళ్ళీ ఇదే చీర కొనాలి కాబోలు అని వెనక్కి తిరిగిన ఆడమనిషి ఈ భూమ్మీద పుట్టలేదు. టైపు పిల్లలు కూడా ఆ మాట చదివి, ఎంత మర్యాద అనుకుని, కంప్యూటరు కట్టేశారు. సర్వరు మాత్రం ఆ సగం ముక్కను దాచి, ఉదయాన్నే అమెరికాకు దాటించేది. దాచొద్దని హర్షిణి రాసిన రెండు వరుసలు కూడా ఆయన తీయించేశాడు. "వచ్చిందాన్ని కాలదన్నుకుంటామా?" అని.

అందరికన్నా ఎక్కువ నలిగింది రేఖ.

రేఖది బాచుపల్లి. అక్కడే ఒక బడిలో పంతులమ్మ ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చింది. ఆమె స్థానంలో బడివాళ్ళు ఇంకొకరిని పెట్టుకున్నారు కూడా. టైపులో తప్పుండదు, డాక్టర్ల ముక్కు మాటలు ఆమెకు అర్థమైనట్టు ఆఫీసులో ఎవరికీ అర్థం కావు. కానీ ఉండేది కిరాయి ఇల్లు. ఫోను ఇంటి ఓనర్ యాదయ్యది. అదే తీగకు మేడ మీద రేఖకు ఇంకో ఫోను పెట్టె తగిలించారు. ఆమె ఫైలు పంపుతుంటే కింద యాదయ్య ఎవరికో ఫోను చేద్దామని రిసీవరెత్తేవాడు. చెవిలో గుర్రుమని చప్పుడు. "ఏందమ్మా గిది, ఫోన్ల పిల్లులు కొట్లాడుతున్నయి!" అని అరిచి పెట్టేసేవాడు. అంతే, లైను కట్. మళ్ళీ కలవగానే పైన తెర మీద దీపం వెలిగేది, మళ్ళీ దయచేయండి అని.

అలా ఒక రోజు ఫాక్సు వచ్చింది. శ్రీనివాసులు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని హర్షిణి బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక రోగి కాగితంలో ఆఖరి వరుస లేదు. ఆ మనిషికి పెన్సిలిన్ పడదు, ఇవ్వకూడదు, అన్న వరుస అది. సూది సిద్ధం చేశాక నర్సుకెందుకో అనుమానమొచ్చి పాత కాగితాలు తిరగేసింది కాబట్టి సరిపోయింది. ఈ ఫైలు టైపు చేసిన మనిషిని వెంటనే తీసేయాలి, లేదంటే కాంట్రాక్టు రద్దు, అని రేఖ టైపు నంబరు వేసి మరీ రాశారు.

"రేఖక్క ఎన్నడు గట్ల సగం వదలదు సార్. లైన్ కట్టయి ఉంటది. నేను మొత్తుకుంట చెప్తనే ఉన్న."

"ఎవరిదో ఒకరిది పేరు చెప్పల్ల కదా పాపా. వాళ్ళు ఆ పాప నంబరు రాసినారు."

"మన పేజీదని రాయండి."

శ్రీనివాసులు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పేజీ బాగాలేదని మనమే చెప్పుకుంటే ఇంక మన దగ్గరికి ఎవరొస్తారు?"

మర్నాడు రేఖను పిలిపించాడు. గదిలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. తలుపు తెరిచే ఉంది కాబట్టి హర్షిణికి మాటలన్నీ వినిపించాయి. నీ చేతి పని బంగారం తల్లీ, అన్నాడు. బాగా అలిసిపోయి ఉంటావు, కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో, అన్నాడు. మేమే కబురు చేస్తాం, అన్నాడు. లేచి నిలబడి తిరుపతి లడ్డూ ముక్క చేతిలో పెట్టాడు.

రేఖ బయటికొచ్చింది. ముఖం చాటంత అయి ఉంది.

"సార్ ఎంత మంచోడు హర్షిణీ! నేను అడగనే లేదు, లీవిచ్చిండు. మంచిగైంది, ఈ లోపల నా పేరు మీద వేరే ఫోను పెట్టించుకుంట. యాదయ్యతోని పరేషానే ఉండదు ఇగ. మళ్ళ వచ్చినంక రోజుకింకో క్యాసెట్ ఎక్కువే జేస్త."

హర్షిణికి ఒళ్ళు మండిపోయింది. పేజీ మీద దీపం బొమ్మ పెట్టించిన మనిషే ఇప్పుడు మనిషి చేతిలో లడ్డూ పెట్టి పంపుతున్నాడు. రేఖ ఇంటికి పోతుంది. ఫోనుకు దరఖాస్తు పెడుతుంది. కబురు కోసం ఎదురు చూస్తుంది. వారం చూస్తుంది, నెల చూస్తుంది. అడగడానికి మొహమాటపడుతుంది. ఎవరూ ఆమెకు పని పోయిందని చెప్పరు. చెప్పే ధైర్యం ఈ బిల్డింగులో ఎవరికీ లేదు. రేఖ అప్పటికే మెట్లు దిగుతోంది. హర్షిణి లేచి వెనకాలే పరుగెత్తింది.

"రేఖక్కా, ఆగు. అది లీవు గాదు. నిన్ను తీసేసిన్రు."

రేఖ నవ్వబోయి ఆగిపోయింది. "ఏంది?"

హర్షిణి మెట్ల మీదే నిలబడి అంతా చెప్పింది. ఫాక్సు సంగతి, ఆఖరి వరుస సంగతి, దీపం బొమ్మ సంగతి. మళ్ళీ దయచేయండి అంటే ఏమిటో చెప్పినప్పుడు రేఖ ముఖం చూడలేకపోయింది.

"అంటే ఫైలు పోలే అని చెప్పుడా అది? నేను... నేను రోజూ చదివి, మంచిగున్నది మాట, అనుకున్న." అంతలోనే కోపం తన్నుకొచ్చింది. "సగం పంపుతున్ననా నేను? సూడు, నా ఫ్లాపీల మొత్తం ఉన్నది. పంపిన ప్రతి ఫైలు దాచుకుంట. పా, పైకి పా."

శ్రీనివాసులు ఇంకా కాఫీ గ్లాసు పట్టుకునే ఉన్నాడు. ఇద్దరూ వచ్చి ఎదురుగా నిలబడేసరికి చిరునవ్వు నవ్వబోయాడు.

"సార్," అంది రేఖ, "నన్ను తీసేసిన్రా?"

"అవేం మాటలు తల్లీ! విశ్రాంతి అన్నా గానీ..."

"విశ్రాంతి గాదు సార్. తీసేసిన్రా, లేదా? ఒక్కటే మాట. తీసేసిన అని మీ నోటితోని అనున్రి, చప్పుడు జెయ్యక పోత. అననంటే రేపటి క్యాసెట్లు ఇప్పుడే ఇయ్యున్రి, పట్కపోత."

శ్రీనివాసులు నోరు తెరిచాడు. గోడ మీది వేంకటేశ్వరస్వామి పటం వంక చూశాడు. ఆయన కళ్ళ మీద నామం అడ్డం ఉంది, సాయం చేసేలా లేడు. మళ్ళీ నోరు తెరిచాడు. అసలే మంచి మనిషి, ఎవరి మనసూ నొప్పించలేడు. ఆ మంచితనం వల్లే అందరి పీకల మీదికీ వచ్చింది.

"అట్ల గట్టిగా అడిగితే ఎట్లమ్మా..." అన్నాడు చివరకు.

హర్షిణి ఫ్లాపీని ఆయన కంప్యూటర్లోనే పెట్టింది. రేఖ టైపు చేసిన ఫైలూ, సర్వరులో మిగిలిన ఫైలూ పక్కపక్కన తెరిచింది. రేఖ దాంట్లో పెన్సిలిన్ వరుస ఉంది, దాని కింద డాక్టరు పేరు కూడా ఉంది. సర్వరు దాంట్లో ఆ వరుసకు పైన ఒక మాట సగంలో తెగిపోయి ఉంది. అక్కడితో ఖాళీ.

"చూడండి సార్. పని ఎగ్గొట్టేటోడైనా పట్టుకున్న మాట రాసి ఎగ్గొడ్తడు. మాట నడుమ ఆపి లేస్తరా ఎవరన్న? ఇది మనిషి ఆపింది గాదు. లైను తెగింది."

శ్రీనివాసులు కళ్ళద్దాలు పైకి జరుపుకుని దగ్గరికి వంగాడు. చాలాసేపు చూశాడు. నూనె మిల్లు నడిపినవాడు, సరుకు తేడా కళ్ళ ముందు పెడితే తెలియకపోవడానికి మూర్ఖుడేమీ కాదు.

"అంటే రేఖమ్మ పంపింది నిండుగానే..."

"నిండుగనే."

"మన కాడికి వచ్చేతలికి..."

"తెగింది. తెగిందని మన సర్వర్‌కు తెలుసు. తెలిసి కూడ దీపం పెట్టి ధన్యవాదాలు చెప్పింది. మన పేజీ అబద్ధమాడింది సార్."

"అంత మాట ఏంటికిలే పాపా. ఏదో కొంచెం అటూ ఇటూ..."

అంతే. ఇన్ని నెలలుగా దిగమింగుకున్నదంతా హర్షిణి గొంతులోకి ఒక్కసారిగా వచ్చేసింది.

"అటూ ఇటూ గాదు సార్! మనిషి సచ్చేటోడు! ఆ నర్సు సూడకుంటే సచ్చేటోడు! మీరు ఆ మాట అననంత మాత్రాన సావు ఆగుతదా?"

బయట కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. దేవుడి పటం కింద, అగరొత్తుల పక్కన, ఆ గదిలో ఎన్నడూ వినబడని మాట మూడుసార్లు వినబడింది. ఉద్యోగం పోయిందని హర్షిణి అనుకుంది. పోతే పోనీ అని కూడా అనుకుంది.

శ్రీనివాసులు కోప్పడలేదు. కుర్చీలో కూలబడ్డాడు. రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

"ఈ తల్లిని పొమ్మంటే ఉసురు తగుల్తాది. తప్పు మనదంటే కాంట్రాక్టు పోతాది. యాడికి పోయేది నేను?" అన్నాడు.

రేఖ క్యాసెట్ల కోసం చెయ్యి చాచింది.

ఆయన ఆ చేతిని చూశాడు. సొరుగు లాగి, రేపటి క్యాసెట్లు తీసి, ఆ చేతిలో పెట్టాడు. హర్షిణి వైపు తిరిగి, "ఫాక్సుకు జవాబు రాసుకో పాపా" అన్నాడు.

చెప్పడం మొదలుపెట్టాడు. తమరి ఆశీస్సులతో మా పేజీ ఇంకా శోభాయమానంగా, అనేదాకా వచ్చేసరికి హర్షిణి పెన్ను కింద పెట్టేసింది.

"తప్పు అని రాయాలె సార్. లేకుంటే నేను రాయ."

ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "రాయి. తప్పు మా పేజీది. టైపు చేసిన మనిషిది కాదు. మాదే." మూడు చిన్న వాక్యాలు చెప్పడానికి ఆయనకు చెమటలు పట్టాయి. సంతకం పెట్టి, ఫాక్సు మిషనులో తానే పెట్టాడు.

ఆ పూటే హర్షిణి దీపం బొమ్మ పీకేసింది. సగం ఫైలును దాచకుండా పారేసే వరుసలు మళ్ళీ చేర్చింది. అప్పుడు తీసేయించిన ఎర్ర అక్షరాలు మళ్ళీ పెట్టింది, ఈసారి ఇంకా పెద్దవి. ఒక మధ్యాహ్నం పనికి ఇంత రామాయణం.

రెండు రోజులైనా అమెరికా నుంచి జవాబు రాలేదు. శ్రీనివాసులు ఫాక్సు మిషను పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. సాయంత్రం ఆయన గదిలో ఫోను మోగింది. చేతిలో జపమాల ఉండటంతో స్పీకరు బటను నొక్కాడు.

"హర్షిణీ ఉన్నదా సార్?" రేఖ గొంతు గదంతా వినబడింది. హర్షిణి పరుగున వచ్చింది. "హర్షిణీ! ఫెయిలైంది! ఎర్రగొచ్చింది తెర నిండ! యాదయ్య ఫోనెత్తిండు, ఫెయిలైంది!"

పరీక్ష పాసైన పిల్ల కూడా అంత సంతోషంగా అరవదు. ఫెయిలైంది అన్న ప్రతిసారీ శ్రీనివాసులు భుజాలు కొద్దిగా ముడుచుకుపోయాయి.

"మళ్ళ పంపక్కా" అంది హర్షిణి.

"పంపిన! ఇప్పుడు చేరింది. మొత్తం చేరిందంట. గందుకే ఫోన్ జేసిన."

హర్షిణి నవ్వింది. ఈ ఆఫీసులో చేరాక ఇంత హాయిగా ఎప్పుడూ నవ్వలేదు. శ్రీనివాసులు నవ్వలేదు. జపమాల బల్ల మీద పెట్టి, తెర వంక, తర్వాత హర్షిణి వంక చూశాడు. ఆయన ముఖంలో రంగు మారుతోంది.

"పాపా, ఇన్ని నెలలుగా వచ్చినవి? దీపం బొమ్మ చూపించి తీసుకున్నవన్నీ? అవి నిండుగా వచ్చినాయా, తెగినాయా?"

"తెల్వది సార్. మొదటి నెలలయి కొలిచింది లేదు. తర్వాత కొలిచినా తీసి పక్కన పెట్టలే. అన్నీ కలిసి అమెరికా పోయినయి."

ఎంతమంది రోగులు, ఎవరికి ఏ వరుస లేకుండా పోయిందో, ఆ గదిలో ఉన్న ఇద్దరికీ ఊహించే ధైర్యం లేదు. శ్రీనివాసులు ఫోను వైపు వంగాడు.

"రేఖమ్మా, నీ పాత ఫ్లాపీలన్నీ ఉండాయా?"

"ఉన్నయి సార్, అన్ని దాచిన."

"రేప్పొద్దున్నే తెచ్చియ్ తల్లీ. ఎన్ని సగమే పంపినామో చూడల్ల. చూసి వాళ్ళకు చెప్పల్ల."

హర్షిణి అప్పటికే మిగతా టైపు పిల్లల ఫోను నంబర్లు వెతుకుతోంది. ఆయన చెయ్యి చాచి ఆ కాగితం అడిగి తీసుకున్నాడు. మొదటి నంబరు తిప్పి, అవతల ఎవరో ఎత్తగానే, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నేను శ్రీనివాసులు మాట్లాడ్తా ఉండా. మంచి మాట కాదు, కానీ చెప్పల్ల. మీరు పంపిన ఫైళ్ళు కొన్ని మాకు రాలేదు."